కాలేజీ హీరో ఎన్‌బీఏలో ఎందుకు తేలిపోతాడు? 2011 డ్రాఫ్ట్ మీద ఒక విశ్లేషణ

2011 జనవరి 26. యూటా రాష్ట్రంలోని ప్రొవోలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ సొంత బాస్కెట్‌బాల్ కోర్టు. ప్రత్యర్థి ఆ సీజన్‌లో అప్పటిదాకా ఓటమే ఎరగని శాన్ డియేగో స్టేట్. ఆ రాత్రి జిమ్మర్ ఫ్రెడెట్ ఒక్కడే 43 పాయింట్లు కొట్టాడు. శాన్ డియేగో స్టేట్ 71-58 తేడాతో ఓడింది. అవతలి జట్టులో ఇంకా ఇరవై నిండని కవాయ్ లెనర్డ్ అనే కుర్రాడున్నాడు. మర్నాడు అతని ఊసెత్తినవాళ్లు తక్కువ. అందరి నోటా జిమ్మర్ పేరే.

ఐదు నెలల తర్వాత, జూన్ 23న, అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. జిమ్మర్ 10వ ఎంపిక, కవాయ్ 15వ ఎంపిక. ఆ తర్వాత కవాయ్ రెండు వేర్వేరు జట్లతో టైటిల్ గెలిచాడు. 2014లో శాన్ ఆంటోనియో తరఫున, 2019లో టొరంటో తరఫున ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2015, 2016 సంవత్సరాల్లో లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెండర్ అవార్డు కూడా అతనిదే. జిమ్మర్ మాత్రం ఎన్‌బీఏలో మ్యాచ్‌కి ఆరు పాయింట్ల దగ్గరే ఆగిపోయాడు. చైనా లీగ్‌కి వెళ్లాక అదే మనిషి షాంఘై తరఫున ఒకే మ్యాచ్‌లో 75 పాయింట్లు కొట్టాడు.

ఫలితం తెలిశాక స్కౌట్లను, అంటే జట్ల కోసం కుర్రాళ్ల ఆటను చూసి అంచనా వేసేవాళ్లను, తప్పు పట్టడం తేలిక. ఆ రోజు వాళ్ల ముందున్న సమాచారంలో ఇది కనిపించే వీలుందా అన్నదే ఆలోచించాల్సిన సంగతి. కొంతవరకు ఉందనే చెప్పాలి. కాలేజీలో ఎంత గొప్పగా ఆడాడని కాకుండా, ఆ ఆటలో అతని సొంతం ఎంత, ఆ జట్టూ ఆ పాత్రా అతనికి సమకూర్చింది ఎంత అని విడదీసి చూస్తే చాలా విషయాలు తేలతాయి. జిమ్మర్ షాంఘైలో 75 కొట్టాడంటే అతని నైపుణ్యం ఎక్కడికీ పోలేదన్నమాట. పోయింది పాత్ర.

డ్రాఫ్ట్ పద్ధతిని ముందు క్లుప్తంగా చూద్దాం. ముప్పై జట్లు, రెండు రౌండ్లు, మొత్తం అరవై ఎంపికలు. ప్లేఆఫ్స్‌కి (టైటిల్ కోసం ఆడే చివరి దశకి) చేరని 14 జట్ల మధ్య లాటరీ తీసి మొదటి వరుస నిర్ణయిస్తారు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడికి రెండేళ్ల జీతం ఖాయం, మూడో, నాలుగో సంవత్సరాలు కొనసాగించాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. 2006 నుంచి ఉన్న నిబంధన ప్రకారం డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూలు అయిపోయి కనీసం ఏడాది గడవాలి. అందుకే చాలామంది ఒక్క సీజన్ కాలేజీలో ఆడి వచ్చేస్తుంటారు. అంటే ముప్పై అయిదు మ్యాచ్‌లు చూసి, పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇరవై అయిదేళ్ల వయసులో ఎలా ఉంటాడో చెప్పాలి. ఆ మాట మీద కోట్ల డాలర్లు పెట్టాలి.

ఇప్పుడు జిమ్మర్ పాత్ర సంగతి. 2010-11 సీజన్‌లో అతను మ్యాచ్‌కి 28.9 పాయింట్లతో దేశంలోనే అగ్రస్థానంలో నిలిచాడు. బంతి అతని చేతిలోనే ఉండేది. ఎప్పుడు కొట్టాలో, ఎంత దూరం నుంచి కొట్టాలో అంతా అతని ఇష్టం. నాలుగు షాట్లు పోయినా అయిదోది కొట్టే స్వేచ్ఛ ఉండేది. డ్రాఫ్ట్ తర్వాత సాక్రమెంటో జట్టుకి వచ్చేసరికి అక్కడ బంతి కోసం డిమార్కస్ కజిన్స్, టైరీక్ ఎవాన్స్, మార్కస్ థార్న్‌టన్ ముందే వరుసలో ఉన్నారు. కొత్త కుర్రాడికి దక్కింది మూల నిలబడి ఎదురుచూసే పని. ఎన్‌బీఏలో కూడా అతని త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతలి నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు) 37 శాతానికి పైగానే పడ్డాయన్నది ఇక్కడ మరిచిపోకూడదు. షూటింగ్ అతనితోపాటే వచ్చింది. డ్రిబుల్ చేస్తూ, అంటే బంతిని నేలకి కొడుతూ కదులుతూ, తనకు తాను ఖాళీ సృష్టించుకునే విద్య మాత్రం, తనకంటే పొడవాటి చేతులూ చురుకైన కాళ్లూ ఉన్న డిఫెండర్ల ముందు అంతగా పారలేదు. 6 అడుగుల 2 అంగుళాల ఎత్తుతో ఎవరినీ గట్టిగా అడ్డుకోలేడు కాబట్టి, పాయింట్లు రాని రోజున అతన్ని కోర్టులో ఉంచడానికి కోచ్‌కి మరో కారణం దొరకలేదు.

జిమ్మర్ తర్వాతి ఎంపిక, 11వది, క్లే థాంప్సన్. వాషింగ్టన్ స్టేట్‌లో అతనూ జట్టు భారమంతా మోసినవాడే. చివరి సీజన్‌లో 21.6 పాయింట్లు, త్రీ పాయింటర్లలో 39.8 శాతం. పైపైన చూస్తే జిమ్మర్ కంటే ఓ మెట్టు తక్కువ అనిపించే అంకెలు. కానీ క్లే షాట్‌కి డ్రిబుల్ అక్కర్లేదు. స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డ తోటి ఆటగాడు) చుట్టూ తిరిగి వచ్చి, బంతి చేతికందిన క్షణంలోనే వదిలేస్తాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు కావడంతో ఎదుటివాడి చెయ్యి అడ్డొచ్చినా షాట్ దెబ్బతినదు. అదే ఎత్తు డిఫెన్స్‌లోనూ అక్కరకొస్తుంది. 2016 డిసెంబర్ 5న ఇండియానా మీద క్లే 29 నిమిషాల్లో 60 పాయింట్లు చేశాడు. ఆ మ్యాచ్ మొత్తంలో బంతి అతని చేతిలో ఉన్నది దాదాపు 90 సెకన్లు, చేసిన డ్రిబుల్స్ 11. కాలేజీ ఆటగాణ్ని చూసేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఈ అంకెల్లోనే ఉంది. వీడి చేతిలోంచి బంతి తీసేసుకుంటే వీడి ఆటలో ఏం మిగులుతుంది? క్లే దగ్గర దాదాపు అంతా మిగిలింది.

బంతి చేతిలో లేకపోయినా పనికొచ్చేవాణ్నే తీసుకోవాలని దీన్ని సూత్రం చేసేయడానికి మాత్రం అదే డ్రాఫ్ట్ ఒప్పుకోదు. 9వ ఎంపిక కెంబా వాకర్ ఉన్నాడు. కనెక్టికట్ తరఫున ఆ మార్చిలో అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిపించి బిగ్ ఈస్ట్ అనే కాలేజీ జట్ల సమూహపు టోర్నీ తెచ్చాడు. ఆ తర్వాత జాతీయ టైటిల్ కూడా తెచ్చాడు. దారిలో కవాయ్ జట్టు మీద 36 పాయింట్లు కొట్టాడు. ఆరడుగుల దగ్గర ఆగిపోయిన మనిషి, బంతి లేకుండా పెద్దగా ఉపయోగపడడు. అయినా నాలుగుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. ఇక చిట్టచివరి ఎంపిక, 60వది, ఐజయా థామస్. అదే పేరున్న డెట్రాయిట్ పాత దిగ్గజం కాదు, వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన 5 అడుగుల 9 అంగుళాల గార్డ్. అతన్ని తీసుకున్నది సాక్రమెంటోనే; మిల్వాకీ పేరు మీద ఎంపికైన జిమ్మర్ కూడా అదే రోజు మార్పిడిలో అక్కడికే వచ్చాడు. అదే జట్టు, అదే రాత్రి, ఒకరికి 10, ఒకరికి 60. మొదటి సీజన్ ముగిసేలోపే ఐజయా జిమ్మర్‌ని దాటేసి జట్టు మొదటి అయిదుగురిలో చోటు సంపాదించాడు. 2016-17లో బోస్టన్ తరఫున అతను ఎన్‌బీఏలో సాధించిన సగటు కూడా సరిగ్గా 28.9 పాయింట్లే.

కెంబాకీ ఐజయాకీ ఉన్నదీ జిమ్మర్‌కి కొరవడినదీ మొదటి అడుగు వేగం. ఎదుటివాణ్ని ఒక్క అడుగులో వెనక్కి నెట్టి రింగ్ దగ్గరికి చొచ్చుకుపోయే శక్తి కాలేజీలో ఎంత పనికొస్తుందో ఎన్‌బీఏలోనూ దాదాపు అంతే పనికొస్తుంది. ఎన్‌బీఏలో రింగ్ ముందు ఎవరినీ కాపలా కాయకుండా డిఫెండర్ మూడు సెకన్లకు మించి అక్కడ నిలబడకూడదు. కాలేజీలో ఆ నిబంధన లేదు, జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటుని కాపలా కాసే పద్ధతి) వేసి పొడగరిని రింగ్ కిందే నిలబెట్టొచ్చు. అంటే చొచ్చుకుపోయేవాడికి పై లీగ్‌లో దారి కొంచెం తెరుచుకుంటుంది. దూరం నుంచి కొట్టేవాడికి దారి మూసుకుంటుంది, ఎందుకంటే అక్కడ డిఫెండర్ల చేతులు ఇంకా దూరం సాగుతాయి. అందుకే పాయింట్ల సగటు కంటే అవి కోర్టులో ఏ చోటు నుంచి, ఎలా వచ్చాయన్నది ముఖ్యం.

అంకెల్లో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది త్రీ పాయింటర్ శాతం. అదే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక అరిజోనాకి చెందిన డెరిక్ విలియమ్స్. ఆ సీజన్‌లో అతని త్రీ పాయింటర్లు 56.8 శాతం పడ్డాయి. ఏ లీగ్‌లోనైనా నమ్మశక్యం కాని అంకె. కానీ అతను కొట్టినవి మొత్తం 74, పడినవి 42. మ్యాచ్‌కి రెండు షాట్లు. అందులో పది బంతులు రింగ్ అంచుకి తగిలి బయటికి దొర్లి ఉంటే శాతం 43కి దిగేది, ఎవరూ ఇంతగా ఊహించుకునేవారు కాదు. ఎన్‌బీఏలో అతని శాతం 30 దరిదాపుల్లో తేలింది. పైగా అప్పట్లో కాలేజీ త్రీ పాయింట్ గీత రింగ్‌కి 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది, ఎన్‌బీఏ గీత రింగ్‌కి సరిగ్గా ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు. మూడడుగుల తేడా. 2019-20లో కాలేజీ గీతను 22 అడుగుల పైకి జరిపాక ఈ తేడా తగ్గింది కానీ పోలేదు.

అందుకే అనుభవమున్న స్కౌట్లు ఫ్రీ త్రో (ఎదుటివాడు ఫౌల్ చేస్తే దక్కే షాట్) శాతం వైపు చూస్తారు. ఫ్రీ త్రో దగ్గర డిఫెండర్ ఉండడు, దూరం మారదు, ఎవరి పాసూ అక్కర్లేదు. మణికట్టు ఎంత నిలకడగా ఉందో అక్కడ తెలిసిపోతుంది. కవాయ్ కాలేజీలో త్రీ పాయింటర్లు మొదటి ఏడాది 20.5 శాతం, రెండో ఏడాది 29.1 శాతం. షూటింగ్ రాదన్న ముద్ర పడడానికి అదే కారణం. అయితే ఫ్రీ త్రోలు 72.6 నుంచి 75.9కి పెరిగాయి. ఆ అంకె గొప్పదేం కాదు, నేర్పితే దిద్దుకోగల చెయ్యి అని చెప్పడానికి మాత్రం సరిపోతుంది. ఎన్‌బీఏ మొదటి సీజన్‌లోనే అతని త్రీ పాయింటర్లు 37.6 శాతం పడ్డాయి. దీనికి ఎదురు ఉదాహరణ నాలుగో ఎంపిక ట్రిస్టన్ థాంప్సన్. టెక్సాస్‌లో అతని ఫ్రీ త్రోలు 48.7 శాతం, అంటే సగం కూడా పడలేదు. రెండేళ్లు ఎన్‌బీఏలో ఆడాక, 2013లో ఏకంగా ఎడమ చేతి షూటింగ్ మానేసి కుడి చేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతులు) తీసే పనివాడిగా 2016లో క్లీవ్‌లాండ్‌తో టైటిల్ గెలిచాడు కానీ షూటర్ కాలేదు. ఫ్రీ త్రో ముందే చెప్పిన సంగతిని ఎన్‌బీఏ ఖాయం చేసిందంతే.

రీబౌండ్లు, స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం) మీద ఇంకొంచెం ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. వీటిని కోచ్ ఎవరికీ రాసివ్వలేడు. జట్టు వ్యూహమంతా ఒకడి చుట్టూ అల్లి 28 పాయింట్లు రప్పించొచ్చు, పది రీబౌండ్లు మాత్రం ఎవరికి వాళ్లు వెళ్లి పట్టుకోవాల్సిందే. కవాయ్ రెండో ఏడాది 6 అడుగుల 7 అంగుళాల ఎత్తుతో మ్యాచ్‌కి 10.6 రీబౌండ్లు తీశాడు. రెండు చేతులూ చాపితే ఆ కొస నుంచి ఈ కొసకి 7 అడుగుల 3 అంగుళాలు. అరచేయి చాపి వెడల్పు కొలిస్తే 11 అంగుళాల పైమాటే. ఆ చేతుల్లోంచి బంతి లాక్కోవడం ఎవరి తరమూ కాదు, ఆ చేతులు బంతి లాక్కోకుండా ఆపడమూ కష్టమే. ఈ కొలతలన్నీ డ్రాఫ్ట్‌కి ముందు షికాగోలో జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల శిబిరంలో ప్రతి జట్టూ కళ్లారా చూసినవే.

కొలతల్లో కూడా ఏది ఆటకి సంబంధించినదో ఏది కాదో తెలియాలి. 2007 కంబైన్‌లో కెవిన్ డ్యూరాంట్ 185 పౌండ్ల బార్‌ని ఒక్కసారి కూడా పైకెత్తలేకపోయాడు. అయినా సియాటెల్ అతన్ని రెండో ఎంపికగా తీసుకుంది, అది ఆ దశాబ్దపు గొప్ప నిర్ణయాల్లో ఒకటి. అతని కంటే ముందు పోర్ట్‌లాండ్ తీసుకున్న గ్రెగ్ ఓడెన్ కండబలంలో ఎవరికీ తీసిపోడు. మోకాళ్లు సహకరించక ఎన్‌బీఏలో మొత్తం 105 మ్యాచ్‌లతో సరిపెట్టుకున్నాడు. ఎంత వీడియో చూసినా దొరకని సమాచారం డాక్టర్ల రిపోర్టులో ఉండొచ్చు, ఆ రిపోర్టు కూడా రేపటి గాయాన్ని చెప్పలేదు. 2011 మొదటి ఎంపిక కైరీ ఇర్వింగ్ డ్యూక్‌లో కాలి బొటనవేలి గాయం వల్ల 11 మ్యాచ్‌లే ఆడాడు. క్లీవ్‌లాండ్ ఆ పదకొండింటినే నమ్మింది. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనికే దక్కింది. శాతాలు స్థిరపడాలంటే వందల షాట్లు కావాలి. బంతి మీద అదుపు, శరీరం బ్యాలెన్స్, రెండు చేతులతోనూ ఫినిష్ చేయడం లాంటివి కొద్ది మ్యాచ్‌ల్లోనే కంటికి ఆనతాయి.

వయసు గురించి ఒక్క మాట. డ్రాఫ్ట్ రాత్రికి జిమ్మర్‌కి 22 నిండాయి, కవాయ్‌కి ఇరవై నిండడానికి ఇంకా ఆరు రోజులుంది. ఇరవై రెండేళ్లవాడు తనకంటే మూడు నాలుగేళ్లు చిన్నవాళ్ల మీద సాధించిన అంకెకీ, పంతొమ్మిదేళ్లవాడు తనకంటే పెద్దవాళ్ల మీద సాధించిన అంకెకీ విలువ ఒకటి కాదు. చిన్నవాడికి ఎదిగే జాగా ఉంటుంది. కాకపోతే ఇది గుంపుకి వర్తించే లెక్క, మనిషి మీద తీర్పు కాదు. జిమ్మీ బట్లర్ ముందు టెక్సాస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో ఏడాది ఆడి, తర్వాత మార్‌కెట్ యూనివర్సిటీలో మూడేళ్లు ఆడి, 21 ఏళ్ల వయసులో 30వ ఎంపికగా షికాగో చేరాడు. మొదటి రౌండ్‌లో చిట్టచివరి చోటు అది. కాలేజీలో అతను 15.7 పాయింట్ల మనిషి, దేశం గుర్తుపట్టే పేరు కాదు. డిఫెన్స్ చేస్తూ, ఫౌల్స్ రాబడుతూ, బంతి పోగొట్టకుండా ఆడేవాడు. అలాంటివాడికి మొదట చిన్న పాత్ర ఇచ్చినా కోర్టు దిగిపోవాల్సిన అవసరం రాదు. నిలబడ్డాడు కాబట్టి ఎదిగే టైమ్ దొరికింది. ఆ తర్వాత ఆరుసార్లు ఆల్‌స్టార్.

స్కౌట్ చేతిలో లేనిది ఇంకొకటుంది, ఆటగాడు చేరే జట్టు. కవాయ్‌ని 15వ స్థానంలో తీసుకున్నది నిజానికి ఇండియానా. జార్జ్ హిల్ కోసం అదే రాత్రి అతన్ని శాన్ ఆంటోనియోకి ఇచ్చేసింది. ఇది ఇండియానా గుడ్డితనమని రాసేవాళ్లున్నారు కానీ అది సరికాదు. హిల్ ఆ ఊరివాడు, అప్పటికే నిరూపించుకున్న గార్డ్. అతనితో ఇండియానా 2013, 2014ల్లో వరుసగా ఈస్ట్ ఫైనల్స్ (లీగ్‌లో తూర్పు సగం జట్ల ఫైనల్) దాకా వెళ్లింది. అదే సమయంలో శాన్ ఆంటోనియోలో షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్ కవాయ్ షాట్‌ని చేతిలోకి తీసుకుని, బంతిని తల వెనక నుంచి వదిలే అలవాటు మాన్పించి ముందుకు తెచ్చాడు. టిమ్ డంకన్, టోనీ పార్కర్, మాను జినోబిలి ఉన్న జట్టులో ఆ కుర్రాణ్ని పాయింట్లు చెయ్యమని అడిగేవాళ్లు లేరు. ఎదుటి జట్టు మేటి ఆటగాణ్ని కాచుకోవడం, మూల నుంచి త్రీ పాయింటర్ కొట్టడం, ఈ రెండే పనులు. మిగతావన్నీ ఏడాదికొకటి చొప్పున చేర్చారు. అదే కవాయ్ పదో ఎంపికగా సాక్రమెంటో చేరి ఉంటే ఇలాగే ఎదిగేవాడా అంటే ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఈ కథలో తగిలిన సాక్రమెంటో, ఇండియానా జట్లనే మన దేశం మొదటిసారి సొంతగడ్డ మీద చూసింది. 2019 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన మొదటి ఎన్‌బీఏ ప్రీసీజన్ మ్యాచ్‌లు ఈ రెండింటి మధ్యే.

ఇవన్నీ ఎప్పటి సంగతులో అని కొట్టేయడానికి లేదు, కానీ పరిస్థితులు మారాయి. 2021లో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు కలిగింది. బదిలీ అయితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నియమం కూడా అదే ఏడాది సడలింది. దాంతో రెండో రౌండ్‌లో ఎంపికవుతాడో లేదో తెలియని కుర్రాడు తొందరపడకుండా కాలేజీలోనే ఇంకో ఏడాది ఉంటున్నాడు. ఒక్క సీజన్ ఆడి మొదటి ఎంపికగా వెళ్లిన కూపర్ ఫ్లాగ్ లాంటివాళ్లు పై వరుసలో ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కింద మాత్రం ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్ల సంఖ్య పెరిగింది. వయసు లెక్కలు వాళ్లకి వ్యతిరేకంగానే ఉంటాయి. అయితే 2011లో స్కౌట్లకి అంతగా దొరకని ఒక ఆధారం ఇప్పుడు దొరుకుతోంది. మూడు కాలేజీల్లో ముగ్గురు కోచ్‌ల కింద ఆడినవాడు ఒక చోట జట్టు భారమంతా మోసి ఉండొచ్చు, ఇంకో చోట మూడోవాడిగా మూల నిలబడి ఉండొచ్చు. పాత్ర చిన్నదైన సీజన్‌లో అతని ఫ్రీ త్రోలు, రీబౌండ్లు, డిఫెన్స్ ఎలా ఉన్నాయో ముందు చూడాలి. ఎక్కువ పాయింట్లు కొట్టిన సీజన్ వీడియో ఆ తర్వాత.